హోరు ఎక్కడిదో తేలడానికి 40 రోజులు: ఇంటి రికార్డింగుకి చవకలో ప్రీయాంప్ వెతికిన అనుభవం

ఫిబ్రవరి 3 రాత్రి రికార్డు చేసిన వీణ ఫైలు వింటే, తీగ మోగుతున్నంతసేపూ బాగానే ఉంది. నాదం సన్నబడే చోట మాత్రం వెనకనుంచి సర్‌మని హోరు పైకి లేస్తోంది. మైకు షూర్ ఎస్‌ఎం58, డైనమిక్ రకం, వీణకి అడుగు దూరంలో ఉంది. ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) రెండు ఇన్‌పుట్ల చవక రకం, గెయిన్ (సిగ్నల్‌ని పెంచే) నాబ్ దాదాపు చివరిదాకా తిప్పి ఉంది. వాయించిన టీచరుగారు హెడ్‌ఫోన్ పెట్టుకుని విని, "ఏం బాబూ, వెనకాల పంపు స్టవ్ వెలిగించావా?" అన్నారు.

ఎవర్ని అడిగినా ఒకటే మాట: ప్రీయాంప్ మార్చు. మైకు నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ని మొదట పెంచే సర్క్యూట్ అది, ఇంటర్‌ఫేస్ లోపలే ఉంటుంది. సరే, 10,000 దాటకుండా ఏది కొనాలో చూద్దామని మొదలుపెడితే మార్చి 15కి పని ముగిసింది. ఈలోగా ఒక వస్తువు కొని అమ్మేశాను, ఒకటి అరువు తెచ్చి తిరిగిచ్చాను, గోడలో ఎర్తు వైరు పెట్టించాను.

ముందు చేయాల్సిన పని కొనడం కాదని రెండో రోజే అర్థమైంది. వినిపిస్తున్న హోరులో ప్రీయాంప్ వాటా ఎంత, గది వాటా ఎంత, కరెంటు వాటా ఎంత? దీనికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. ఎక్సెల్లార్ (మైకు కేబుళ్ళకి ఉండే మూడు పిన్నుల) మగ ప్లగ్గు ఒకటి, 150 ఓమ్ రెసిస్టర్ ఒకటి చాలు. రెసిస్టర్‌ని 2, 3 పిన్నుల మధ్య టంకం వేస్తే, ఇంటర్‌ఫేస్‌కి అది ఏ శబ్దమూ వినని మైకులాగే కనిపిస్తుంది. అప్పుడు వచ్చే హోరంతా ప్రీయాంప్‌దే, దానితోపాటు ఆ రెసిస్టర్‌కి తప్పని కాస్త ఉష్ణ శబ్దం.

ఇవి కొందామని ఫిబ్రవరి 8న బెంగుళూరు మారతహళ్ళి నుంచి, ఎలక్ట్రానిక్ విడిభాగాలు దొరికే ఎస్‌పీ రోడ్డుకి వెళ్ళాను. ఆదివారం, షట్టర్లు చాలావరకు మూసే ఉన్నాయి. ఒక పూట వృథా. మళ్ళీ 10వ తేదీ మంగళవారం సాయంత్రం మెట్రోలో మెజెస్టిక్ దాకా వెళ్ళి, గ్రీన్ లైన్ మారి చిక్‌పేట్‌లో దిగాను. అక్కడినుంచి నడకే. ఎక్సెల్లార్ ప్లగ్గులు రెండు 180, రెసిస్టర్లు పది 20. మెటల్ ఫిల్మ్ అని అడిగితే నీలం రంగువి ఇస్తారు. గోధుమ, ఆకుపచ్చ, నలుపు, నలుపు, గోధుమ చారలుంటే అది 150 ఓమ్, 1 శాతం రకం. కార్బన్‌వి అయినా ఈ పనికి పెద్ద తేడా రాదు గానీ ధర ఎలాగూ ఒకటే.

టంకం వేసేటప్పుడు ఒక చిన్న పొరపాటు చేశాను. 1వ పిన్నుని ప్లగ్గు లోహపు తొడుగుకి కలపలేదు. దాంతో తొడుగు షీల్డుగా పనిచేయక, చెయ్యి దగ్గరికి తెస్తే చాలు బుయ్‌మంది. ఒక తీగముక్కతో 1వ పిన్నుని తొడుగుకి కలిపితే పోయింది.

12వ తేదీన కొలత పెట్టాను. పద్ధతి ఇది. ఫోన్లో పింక్ నాయిస్ (పరీక్షకి వాడే ఒకేలాంటి హోరు) పెట్టి మైకుకి అడుగు దూరంలో ఉంచాను. మైకు దగ్గర సౌండ్ మీటర్ ఆప్ 74 డీబీ (డెసిబెల్) చూపించేదాకా వాల్యూమ్ సర్దాను. ఆప్ అంకెని నిజమని నమ్మక్కర్లేదు, ప్రతిసారీ అదే ఫోను, అదే దూరం ఉంటే పోల్చుకోవడానికి చాలు. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆర్‌ఎంఎస్ (సగటు స్థాయి) మైనస్ 30 డీబీ దగ్గరికి వచ్చేలా గెయిన్ పెట్టి, ఇక నాబ్ ముట్టుకోకుండా పింక్ నాయిస్ ఆపి గదిని 30 సెకన్లు రికార్డు చేశాను. తర్వాత మైకు తీసి రెసిస్టర్ ప్లగ్గు పెట్టి ఇంకో 30 సెకన్లు. మైకు పీకేటప్పుడు హెడ్‌ఫోన్ తీసేయాలి, ఆ టప్‌మనే దెబ్బ చెవికి తగులుతుంది. విండోస్‌లో మైకు ఎన్‌హాన్స్‌మెంట్లన్నీ ముందే ఆపాలి. లేకపోతే అది తనంతట తనే నాయిస్ నొక్కేసి, చవక ఇంటర్‌ఫేస్‌ని కూడా బంగారంలా చూపిస్తుంది.

వచ్చిన అంకెలు (ఎంత మైనస్‌లో ఉంటే అంత నిశ్శబ్దం): ఫ్యాన్ 3 మీద తిరుగుతుంటే మైనస్ 52. ఫ్యాన్ ఆపి, పగలు, మైనస్ 61. రాత్రి పదకొండున్నరకి ఫ్రిజ్ కూడా ఆపి మైనస్ 68. రెసిస్టర్ ప్లగ్గుతో మైనస్ 71.

ఇది చూసి కాసేపు అలాగే కూర్చున్నాను. ఫ్యాన్ తిరుగుతుండగా ప్రీయాంప్ నాణ్యత గురించి మాట్లాడుకోవడమే దండగ, గది దానికంటే 19 డీబీ బిగ్గరగా ఉంది. బయట ఔటర్ రింగ్ రోడ్డు మీద రాత్రి లారీల రొద సరేసరి. రెండో సంగతి, రెసిస్టర్ ప్లగ్గు ఫైలు పెంచి వింటే హోరుతోపాటు సన్నగా 50 హెర్ట్జ్ హమ్మింగ్ ఉంది. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద మళ్ళీ కొలిస్తే మైనస్ 75.5 వచ్చింది. అంటే ప్రీయాంప్ ఖాతాలో రాసిన దాంట్లో నాలుగున్నర డీబీ కరెంటుది.

చార్జర్ మూడు పిన్నులదే. మరి ఎర్తు పనిచేయాలి కదా? సాకెట్లో మల్టీమీటర్ పెట్టి చూస్తే ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 231 వోల్టులు, ఫేజుకీ ఎర్తుకీ మధ్య 64. రెండోది కూడా 230 దరిదాపుల్లో ఉండాలి. 64 అంటే ఎర్తు ఎక్కడో తెగి గాల్లో వేలాడుతోందని. అలవాటు లేనివాళ్ళు ఈ కొలత జోలికి పోకుండా ఎలక్ట్రీషియన్‌నే పిలవండి. 14న చెబితే 19న వచ్చాడు, అనంతపురం వైపు కుర్రాడు. స్విచ్ బోర్డు విప్పి నవ్వాడు. "అన్నా, ఎర్తు వైరు తెచ్చినారు, బాక్సులోనే చుట్టి వదిలేసినారు." బిగించడానికి పది నిమిషాలు, 400 రూపాయలు. ఆ రాత్రి చార్జర్ పెట్టి కొలిచినా మైనస్ 75.3. హమ్మింగ్ పోవాలని కొందరు చార్జర్ ఎర్తు పిన్ను విరిచేయమని సలహా ఇస్తారు. అది ప్రాణం మీదికి తెచ్చే పని, అది మాత్రం చేయకండి.

ఇక్కడే ఇంకో చిన్న విషయం. ఫ్యాన్ రెగ్యులేటర్ నున్నగా తిరిగే పాత డిమ్మర్ రకమైతే, దాన్లోని ట్రయాక్ ప్రతి అర్ధ తరంగంలోనూ కరెంటుని కోస్తుంది. ఆ జర్‌మనే శబ్దం పక్కగదిలో ఫ్యాన్ తిరుగుతున్నా కేబుళ్ళలోకి వస్తుంది. టక్ టక్ మని మెట్లుగా తిరిగే కెపాసిటర్ రకంతో ఆ బాధ ఉండదు.

కరెంటు సంగతి తేలాక మిగిలింది గది, ప్రీయాంప్. రాత్రి గది ఫైలుకి 100 హెర్ట్జ్ దగ్గర లో కట్ (కింది స్వరాల్ని కోసే ఫిల్టర్) పెడితే మైనస్ 68 కాస్తా మైనస్ 72 అయింది. లారీల గుర్రు ఎక్కువగా కింది స్వరాల్లోనే ఉంటుంది కదా. ఆ మైనస్ 72లో సుమారు సగం గదిది, సగం ప్రీయాంప్‌ది. అంటే ఇప్పుడు ప్రీయాంప్ మార్చితే ఫలితం కనిపిస్తుంది. ఫ్యాన్ కింద కూర్చుని మార్చి ఉంటే కనిపించేది కాదు.

కొనబోయే ముందు డేటాషీట్లలో చూడాల్సినవి రెండే అంకెలు. మైకు సెన్సిటివిటీ (ఒక శబ్దానికి మైకు ఎంత వోల్టేజీ ఇస్తుందో), ప్రీయాంప్ ఈఐఎన్. ఈఐఎన్ అంటే ప్రీయాంప్ హోరు మొత్తాన్నీ దాని ముఖద్వారం దగ్గరికి తెచ్చి లెక్కకట్టిన విలువ, ఎంత మైనస్‌లో ఉంటే అంత మేలు. ఎస్‌ఎం58 సెన్సిటివిటీ మైనస్ 54.5 డీబీవీ, అంటే 94 డీబీ శబ్దానికి 1.85 మిల్లీవోల్టులు. స్కార్లెట్ 2ఐ2 అనే ఇంటర్‌ఫేస్ మూడో తరానికి ఈఐఎన్ మైనస్ 128 డీబీయూ. డీబీవీ, డీబీయూ రెండూ వోల్టేజీని డీబీలో చెప్పే కొలమానాలే. డీబీయూ నుంచి 2.2 తీసేస్తే డీబీవీ, అంటే మైనస్ 130.2. ఈ రెండింటి మధ్య దూరం 75.7. దాన్ని 94 లోంచి తీసేస్తే 18.3. ఈ జోడీ హోరు, గదిలో 18 డీబీ శబ్దం ఉన్నట్టే లెక్క.

ఇప్పుడు దీని పక్కన ఏటీ2020 కండెన్సర్ మైకు (కేబుల్‌లోంచి కరెంటు అందితేనే పనిచేసే రకం) పెట్టండి. దాని సొంత హోరు 20 డీబీ అని కంపెనీయే రాసుకుంది. అంటే మంచి ప్రీయాంప్ దొరికితే ఎస్‌ఎం58 కూడా దానికి తీసిపోదు. రోడ్ కంపెనీ మైకు ఎన్‌టీ1-ఏ అయితే 5 డీబీ, అది వేరే తరగతి. షూర్‌దే మరో డైనమిక్ మైకు ఎస్‌ఎం7బీ సెన్సిటివిటీ మైనస్ 59, అదే ప్రీయాంప్‌తో దాని లెక్క 22.8. ఖరీదైన మైకే ఇక్కడ ఎక్కువ హోరు పెడుతుందన్నమాట. మా పాత ఇంటర్‌ఫేస్ నా కొలతల ప్రకారం మైనస్ 118 దగ్గర ఉంది, ఎస్‌ఎం58తో 28 డీబీ. బెంగుళూరు అపార్ట్‌మెంటులో రాత్రిపూట గదే 30 డీబీ పైన ఉంటుంది. 18 దాకా రావడానికి డబ్బు పెట్టొచ్చు. 18 నుంచి 10కి దిగడానికి ఈ గదిలో పెట్టడం దండగ.

కండెన్సర్ వాడేవాళ్ళకి ఇంకో మాట. ఏటీ2020 సొంత హోరు ప్రీయాంప్ దాకా వచ్చేసరికి మైనస్ 109 డీబీయూ దగ్గర ఉంటుంది. మైనస్ 118 ప్రీయాంప్ కూడా దానికంటే 9 డీబీ కిందే. అలాంటివాళ్ళు హోరు తగ్గాలని ప్రీయాంప్ కొంటే డబ్బులు నీళ్ళలో పోసినట్టే. కండెన్సర్ గదిని ఎక్కువ వింటుందనేది కూడా సగమే నిజం. అదే దూరంలో, అదే కార్డియాయిడ్ (ముందువైపు ఎక్కువ వినే) నమూనాలో పెడితే గొంతుకీ గదికీ నిష్పత్తి పెద్దగా మారదు. జనం దాన్ని దూరంగా పెట్టి, మైకుని తిడతారు.

ఇంత లెక్క తెలిసి కూడా ఫిబ్రవరి 22న ఒక పొరపాటు చేశాను. సెకండ్ హ్యాండ్‌లో చిన్న ట్యూబ్ (పాత రేడియోల్లోలాంటి గాజు వాల్వ్) ప్రీయాంప్ 4,500కి వస్తోందంటే తీసుకున్నాను. అడాప్టర్ లేదు, "ఏ 9 వోల్టుల అడాప్టరైనా పనిచేస్తుంది" అన్నాడు అమ్మినాయన. పనిచేయదు. వెనక చిన్న అక్షరాల్లో 9 వోల్టులు, ఏసీ అని ఉంది. ఈ రకం డబ్బాలు ఆ ఏసీని లోపల డయోడ్లు, కెపాసిటర్లతో గుణించి 48 వోల్టుల ఫాంటమ్ (మైకు కేబుల్‌లోంచే మైకుకి పంపే కరెంటు) తయారు చేసుకుంటాయి. డీసీ ఇస్తే ఆ గుణకారం జరగదు, లైటు కూడా సరిగా వెలగదు. రూటర్లకీ సెట్‌టాప్ బాక్సులకీ వచ్చేవి సాధారణంగా డీసీవే. 24న మళ్ళీ ఎస్‌పీ రోడ్డు, 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ 380.

దాని అవుట్‌పుట్‌ని మైకు కేబుల్‌తోనే ఇంటర్‌ఫేస్ మైకు ఇన్‌పుట్‌కి ఇస్తే హోరు ఇంకా పెరిగింది. పెరగదా మరి! ఒక ప్రీయాంప్ దాటి వచ్చిన సిగ్నల్‌ని మళ్ళీ ఇంకో ప్రీయాంప్‌లో దూర్చాను. బయటి ప్రీయాంప్ నుంచి మూడు భాగాల పిన్ను ఉన్న పావు అంగుళం జాక్‌తో లైన్ ఇన్‌పుట్‌కి వెళ్ళాలి, ఇంటర్‌ఫేస్ గెయిన్ అడుక్కి తిప్పేయాలి, గిటారు బటన్ ఆపి ఉండాలి. ఆ కేబుల్ ఆర్డర్ పెడితే 28న వచ్చింది, 450. కొలిస్తే మైనస్ 78. కష్టపడి రెండున్నర డీబీ. పైగా ట్యూబ్ మైక్రోఫోనిక్, బల్ల మీద వేలితో కొడితే టింగ్‌మని రికార్డులో వినిపిస్తోంది. వీణ మీద మెట్టు నొక్కిన చప్పుడుకి కూడా. ట్యూబ్ వెచ్చదనం అంటారు గానీ, ఇంత చవక డబ్బాల్లో 12ఏఎక్స్7 ట్యూబ్‌కి రావాల్సిన వందల వోల్టులు ఇవ్వరు, కొద్ది వోల్టేజీ మీదే నడుపుతారు. దాంట్లోంచి వచ్చేది కాస్త వక్రీకరణ. గిటారుకి బాగుంటుందేమో, నాదం చివరి అంచు వినాలనుకునే వీణకి కాదు. మార్చి 3న అడాప్టర్‌తో సహా 3,600కి అమ్మేశాను.

మార్చి 5 నుంచి 7 దాకా ఒక ఇన్‌లైన్ బూస్టర్ అరువు దొరికింది. మైకుకీ కేబుల్‌కీ మధ్య పెట్టే చిన్న గొట్టం, ఇంటర్‌ఫేస్ ఇచ్చే 48 వోల్టులతో నడుస్తుంది. క్లౌడ్‌లిఫ్టర్ సీఎల్-1 అయితే 25 డీబీ, ఫెట్‌హెడ్ 27 డీబీ పెంచుతాయి. పాత ఇంటర్‌ఫేస్‌కే దీన్ని తగిలించి, గెయిన్ తగ్గించి కొలిస్తే మైనస్ 82.5. ఏడు డీబీ తేడా! చవక ప్రీయాంప్‌కి కూడా గెయిన్ మొదట్లోనే శుభ్రంగా అందితే, దాని సొంత హోరు లెక్కలోకి రాదు. ఒకే మైకు, అదీ డైనమిక్ మైకు వాడేవాళ్ళకి నా సలహా ఇదే, ఇంకేం వెతక్కండి. కండెన్సర్‌కి మాత్రం పనికిరాదు. మామూలు బూస్టర్లు ఫాంటమ్‌ని తామే తినేసి మైకుదాకా పోనివ్వవు.

నాకు రెండు చానళ్ళు కావాలి, వీణకొకటి, గొంతుకొకటి. రెండు బూస్టర్ల ధరకి ఇంకొంచెం వేస్తే సెకండ్ హ్యాండ్ ఇంటర్‌ఫేసే వస్తుంది. ఎంచుకోవడం దగ్గర మళ్ళీ ఒక సందేహం వచ్చింది. స్కార్లెట్ 2ఐ2 మూడో తరానికి గెయిన్ 56 డీబీ, నాలుగో తరానికి 69. 69 ఉన్నదే మంచిదా? నాలుగో తరం ఈఐఎన్ మైనస్ 127, మూడోది మైనస్ 128. హోరులో తేడా లేదు. ఉన్నది గెయిన్‌లో తేడా, దాన్ని సాఫ్ట్‌వేర్‌లో పెంచుకోవచ్చు. 24 బిట్‌లో మైనస్ 35 దగ్గర రికార్డు చేసి తర్వాత 15 డీబీ పెంచినా నష్టం లేదు. కన్వర్టర్ (సిగ్నల్‌ని అంకెలుగా మార్చే భాగం) హోరు ప్రీయాంప్ హోరుకంటే ఎంతో కిందుంటుంది. మీటరు పచ్చగా పైదాకా ఎగరకపోతే మనసుకి లోటుగా ఉంటుంది, అంతే. ఒక్క ఇబ్బంది, వాయించేటప్పుడు హెడ్‌ఫోన్‌లో నేరుగా వినే శబ్దం మెల్లగా ఉంటుంది. గొంతు రికార్డు చేసేవాళ్ళకి అది చికాకే.

అందుకని మూడో తరమే చాలనుకుని మార్చి 8 నుంచి ప్రకటనలు చూస్తూ నలుగురితో మాట్లాడితే, ఇద్దరు పరీక్షకి ఒప్పుకోలేదు, వాళ్ళని వదిలేశాను. 14వ తేదీ శనివారం కె.ఆర్.పురంలో ఒకతను సరేనన్నాడు. ల్యాప్‌టాప్, ఎస్‌ఎం58, రెసిస్టర్ ప్లగ్గు, మల్టీమీటర్, హెడ్‌ఫోన్ పట్టుకెళ్ళాను. చూసినవి ఇవి. ఫాంటమ్ ఆన్ చేసి, ఖాళీ కేబుల్ చివర 1కీ 2కీ మధ్య, 1కీ 3కీ మధ్య కొలిస్తే రెండూ 47.6. 44 నుంచి 52 మధ్య ఉండాలి, రెండూ సమానంగా ఉండాలి. ఒకటి తక్కువుంటే లోపల 6.8 కిలో ఓమ్ రెసిస్టరో, దానికి పోయే దారో దెబ్బతిన్నట్టు. తర్వాత రెసిస్టర్ ప్లగ్గు పెట్టి రెండు చానళ్ళూ పూర్తి గెయిన్‌లో విన్నాను. హోరు సమానంగా ఉండాలి, చిటపటలు ఉండకూడదు. నాబ్‌లు మెల్లగా తిప్పితే రెండోదాంట్లో ఒకచోట కర్‌మంది. పదిసార్లు అటూ ఇటూ తిప్పితే తగ్గింది, ధూళి. అయినా అది చూపించి 8,500 నుంచి 8,000కి దించాను. యూఎస్‌బీ కేబుల్ కదిపి చూడటం మరవకండి, ఆ పోర్టు వదులైతే బాగుచేయించడం తలనొప్పి. ఇదంతా ఇరవై నిమిషాల పని, అతను కాఫీ కూడా ఇచ్చాడు.

15న ఇంట్లో అదే పింక్ నాయిస్, అదే దూరం. రెసిస్టర్ ప్లగ్గుతో మైనస్ 84. ఎనిమిదిన్నర డీబీ మెరుగు. గదిలో మైకు పెట్టి లో కట్‌తో చూస్తే మాత్రం మైనస్ 72 నుంచి మైనస్ 74 అయింది, రెండే డీబీ. మొదట ఉసూరుమంది. తర్వాత 2 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదాన్ని మాత్రమే కొలిస్తే మైనస్ 76 నుంచి మైనస్ 83కి దిగింది. చెవికి సర్‌మని తగిలేది ఆ భాగమే. మిగిలిన గది గుర్రు కింది స్వరాల్లో ఉంటుంది, అది పంపు స్టవ్‌లా వినిపించదు. టీచరుగారు విని ఈసారి ఏమీ అనలేదు, "ఆ మూడో తీగ శ్రుతి దిగింది, మళ్ళీ తీద్దాం" అన్నారు.

ఖర్చు: ప్లగ్గులు, రెసిస్టర్లు 200. ఎర్తు 400. ట్యూబ్ డబ్బా మీద నష్టం 900, దాని అడాప్టర్ 380, కేబుల్ 450. ఇంటర్‌ఫేస్ 8,000, పాతది మార్చి 26న 2,200కి పోయింది. నికరంగా 8,130. ట్యూబ్ సరదా లేకపోతే 6,400 దగ్గర తేలేది.

ఇప్పుడు తీసే ప్రతి రికార్డింగుకీ ఫ్రిజ్ ఆపాల్సి వస్తోంది. ఆపినవాడు మళ్ళీ వేయడం మరిచిపోతాడు, పాలు విరిగాక గుర్తొస్తుంది. అందుకని బండి తాళాలు ఫ్రిజ్‌లో వెన్న డబ్బా పక్కన పెడుతున్నాను.